పరారుణ కిరణముల జాడ తీసిన హెర్షెల్

సూర్యభగవానునకు సప్తాశ్వుడని మన పూర్వులు పేరిడిరి. ఆయన రథమునకు గట్టిన గుఱ్ఱములు ఏడు. ఇంగ్లండు దేశపు న్యూటను పండితుడు 1666 ప్రాంతమున గాజుపట్టకము గుండ ఎండను ప్రసరింపజేసి, తెల్లని వెలుగు ఊదా మొదలుకొని ఎఱుపు వఱకు ఏడు వన్నెలుగా విడివడుటను చూచినప్పుడు, మన పురాణకల్పనకును పాశ్చాత్యుల శాస్త్రమునకును ఒక చిత్రమైన పొత్తు కుదిరినట్లయ్యెను. పొత్తు సంఖ్యలో మాత్రమే యని గ్రహించుట మంచిది. పురాణమును శాస్త్రమని చెప్పుటవలన రెంటికిని గౌరవము పెరుగదు. అయినను ఆ ఉపమానమునే పట్టుకొని చెప్పవలెనన్నచో, ఎఱుపునకు ఆవలి చీకటిలో ఎవరి కంటికిని ఆనక పరుగిడుచున్న ఎనిమిదవ గుఱ్ఱమును 1800 సంవత్సరమున కనిపెట్టినవాడు విలియం హెర్షెల్. నేడు పండును కోయక, పిండక, రుచి చూడక, అందలి తీపి యెంత, నీరెంత, సారమెంత యని చెప్పెడు యంత్రములలో పెక్కింటికి ఆధారము ఆ వెలుగే. వృత్తిచేత ఆయన సంగీతవిద్వాంసుడు. ప్రవృత్తిచేత నక్షత్రములను లెక్కించినవాడు. పండ్లను పరీక్షించుట ఆయన తలపెట్టిన పని కాదు. అట్టివాని చేతిమీదుగా ఈ విద్యకు తొలి పునాదిరాయి ఎట్లు పడెనో, ఆ రాతిని ఆయనయే ఎట్లు పొరపాటున పక్కకు నెట్టెనో తెలిసికొనదగియున్నది.

హెర్షెల్ 1738 నవంబరు 15వ తేదీన జర్మనీలోని హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రి ఐజాకు అచ్చటి సైన్యపు వాద్యబృందములో, మన సన్నాయిని పోలిన ఓబో యను వాద్యమును వాయించు చిన్న ఉద్యోగి. సంపాదన స్వల్పము, సంతానము పదిమంది. వారిలో బ్రతికి బట్టకట్టినవారు ఆర్గురు. బిడ్డలకు ఆస్తి నీయజాలని ఆ తండ్రి సంగీతము నిచ్చెను. చలిరాత్రులలో వీథిలో నిలిపి నక్షత్రమండలములను చూపెను. ఇంటిలో భోజనము కొఱవడిన దినములు ఉండెనేమో కాని, చర్చ కొఱవడిన దినము లేదు. విలియం పదునాలుగవ యేటనే తండ్రివలె బృందములో కొలువు చేరెను.

1757లో ఫ్రెంచివారితో హాస్టెన్‌బెక్ అను చోట యుద్ధము జరిగి హానోవరు సైన్యము ఓడిపోయెను. గుండ్ల నడుమ నిలిచిన ఆ కుఱ్ఱవానికి యుద్ధరంగమున వాద్యగానితో ఎవరికిని పనిలేదని తెలిసివచ్చెను. తండ్రి సలహాపై అన్నయగు జాకబుతో కలసి ఇంగ్లండునకు తరలిపోయెను. అప్పటికి రెండు దేశములకును రాజు ఒక్కడే. హెర్షెల్ సైన్యమునుండి పాఱిపోయినవాడనియు, తరువాతి కాలమున రాజు స్వహస్తముతో క్షమాపణపత్రము నిచ్చెననియు ఒక కథ ప్రచారములో నున్నది. వినుటకు ఇంపుగా నున్నను అది కట్టుకథయే. ఆయనకు సైన్యమునుండి విడుదల కాగితము 1762లోనే సక్రమముగా వచ్చియుండెను.

ఇంగ్లండులో తొలిదినములు కడు దుర్భరములు. ఇతరుల సంగీతమును ప్రతులు వ్రాసి పొట్టపోసికొనెను. ఊరూర తిరిగి పాఠములు చెప్పెను, కచ్చేరులు చేసెను, స్వయముగా ఇరువదినాలుగు సింఫనీలు రచించెను. తుదకు 1766లో బాత్ అను పట్టణమున ఆక్టగన్ ప్రార్థనామందిరపు ఆర్గను వాద్యకునిగా కుదురుకొనెను. బాత్ వేడినీటి ఊటలకు ప్రసిద్ధి. ధనవంతులు ఆరోగ్యమునకై వచ్చి నెలలకొలది నిలిచెడు ఊరగుటచే సంగీతజ్ఞునకు ఆదాయము చక్కగా నుండెను. అంతటితో తృప్తిజెంది యుండినచో ఆయన పేరు ఆ ఊరి చరిత్రలో ఒక పంక్తిగా మిగిలియుండెడిది.

ఆయనను మార్చినది గ్రంథపఠనము. స్వరములకును సంఖ్యలకును గల సంబంధమును తెలిసికొనగోరి రాబర్టు స్మిత్తు అను పండితుడు స్వరశాస్త్రముపై వ్రాసిన పుస్తకమును చదివెను. అది ముగియగనే అదే గ్రంథకర్త కాంతిశాస్త్రముపై వ్రాసిన పుస్తకమును చేపట్టెను. అందు దూరదర్శినులను చేయు విధానము సాంగముగా వర్ణింపబడియున్నది. 1773లో ఫెర్గూసను వ్రాసిన జ్యోతిశ్శాస్త్రగ్రంథమును కొనెను. పగలెల్ల శిష్యులకు పాఠములు చెప్పి అలసివచ్చి, రాత్రి పడకపై పాలగిన్నెయో నీటిగ్లాసో ప్రక్కన బెట్టుకొని ఈ పుస్తకములను చదువుచు నిద్రపోవుట ఆయనకు వాడుక. ఏ విశ్వవిద్యాలయపు గడపయు ఆయన శిష్యుడుగా త్రొక్కలేదు. ఏకలవ్యునకు మట్టిబొమ్మ గురువైనట్లు హెర్షెలునకు స్మిత్తు గ్రంథము గురువాయెను. బొటనవ్రేలు అడుగు ద్రోణుడు లేకపోవుట ఒక్కటియే భేదము.

1772లో చెల్లెలు కరోలినాను హానోవరునుండి తనయొద్దకు తెచ్చుకొనెను. చిన్ననాట విషజ్వరము తగిలి ఆమె పొడుగు నాలుగడుగుల పైచిలుకునకే ఆగిపోయినది. ఇక పెండ్లి కాదని తీర్మానించి తల్లి ఆమెను వంటింటికి అంకితము చేసియుండెను. అన్న ఆమెకు సంగీతము నేర్పెను, గణితము నేర్పెను. సభలలో పాడి మెప్పుపొందిన ఆ గాయని, క్రమముగా పాటను విడిచి, అన్న అద్దములు నూరుచుండగా ప్రక్కన నిలిచి పుస్తకము చదివి వినిపించుటకును, రాత్రి ఆయన దూరదర్శినియొద్దనుండి చెప్పిన కొలతలను వ్రాసిపెట్టుటకును తన్ను తాను అర్పించుకొనెను. తరువాత ఆమెయే పలు తోకచుక్కలను కనిపెట్టెను. హెర్షెల్ చరితమున సగము కరోలినా చరితమే యనుట అతిశయోక్తి కాదు.

అప్పటి దూరదర్శినులకు వాడినది గాజు అద్దము కాదు, రాగి తగరములను కరగించి పోతపోసిన లోహపు అద్దము. దానిని పుటాకారముగా నూరి మెఱుగుపెట్టవలెను. మెఱుగు తుదిదశలో చేయి తీసినచో అద్దము చెడును. ఒకమారు పదునాఱు గంటలు ఆయన చేయి తీయలేదు. కరోలినా ముద్దలు నోటికందించెను. 1781లో ఇంటి నేలమాళిగలో పెద్దపోత పోయు సమయమున కరిగిన లోహము కారి రాతిపలకల నేలపై పాఱెను. పలకలు టపాకాయలవలె ప్రేలి కప్పునకు ఎగసెను. అన్న, తమ్ముడు, పోతపనివారు ప్రాణములు దక్కించుకొని బయటపడిరి.

ఆ సంవత్సరమే మార్చి 13వ తేదీ రాత్రి, తన యింటి తోటలో స్వహస్తములతో చేసికొన్న ఏడడుగుల దూరదర్శినితో చూచుచుండగా, మిథునరాశి దాపున చుక్కవలె గాక చిన్న బిళ్లవలె నున్న జ్యోతి యొకటి కానవచ్చెను. తోకచుక్క యనుకొనెను. గణితజ్ఞులు దాని మార్గమును లెక్కించి అది శనికి ఆవలనున్న క్రొత్తగ్రహమని తేల్చిరి. చరిత్రకాలమున మానవుడు కనిపెట్టిన తొలిగ్రహమదియే. నేడు యురేనస్ అని పిలువబడుచున్నది. మూడవ జార్జి రాజు ఏడాదికి 200 పౌనుల జీతమిచ్చి ఆయనను తన యాస్థానమునకు రప్పించుకొనెను. సంగీతమువలన వచ్చుదానికంటె అది తక్కువ. హెర్షెల్ వెనుదీయలేదు. లోటు పూడ్చుటకు దూరదర్శినులు చేసి అమ్మెను. 1786లో విండ్సరునకు చేరువనున్న స్లౌ అను గ్రామమున స్థిరపడెను. రాజు ద్రవ్యముతో అచ్చట నలువదియడుగుల దూరదర్శినిని నిర్మించెను. 1789లో అది పూర్తియైనది. దానికి 4,000 పౌనుల వ్యయమైనది. చూడవచ్చినవారు దాని గొట్టములో నిలిచి నడచిరట. నిజము చెప్పవలెనన్న, ఆ బ్రహ్మాండమైన యంత్రముకంటె ఆయనకు ఇరువదియడుగులదే ఎక్కువ పనికివచ్చెను.

ఇక అసలు విషయమునకు వత్తము. సూర్యునిపై గల మచ్చలను పెద్ద దూరదర్శినితో చూడవలెనన్నచో కన్ను మాడిపోవును. అందుచే హెర్షెల్ నానావర్ణముల గాజుపలకలను ఒకదానిపై నొకటి పేర్చి అడ్డుపెట్టుకొని చూచుచుండెను. అప్పుడొక వింత కనబడెను. కొన్ని పలకలను అమర్చినప్పుడు వెలుగు మిక్కిలి తగ్గినను కంటికి వేడి సోకెను. మఱికొన్నింటితో వెలుగు బాగుగనే వచ్చినను వేడి తెలియలేదు. ఇతరులైనచో వేడి తగులని పలకలను ఎంచుకొని ఊరకుండెడివారు. వన్నెవన్నెకును వేడి వేఱువేఱుగా నుండునేమో యని ఈయనకు అనుమానము గలిగెను. అప్పటికాయన వయస్సు అఱువదియొక్క సంవత్సరము.

1800 తొలినెలలలో పరీక్ష జరిగెను. సాధనములు ఏమంత గొప్పవి కావు: కిటికీలో నమర్చిన గాజుపట్టకమొకటి, సన్నని చీలిక గల అట్టయొకటి, ఉష్ణమాపకములు మూడు. వేడిని బాగుగ గ్రహించునట్లు ఉష్ణమాపకపు గోళికను నల్లజేసెను. వర్ణపటములోని ఒక్క వన్నె మాత్రమే చీలికగుండ వచ్చి ఒక ఉష్ణమాపకముపై బడునట్లు చేసి, తక్కినవానిని ప్రక్కన నీడలో ఉంచెను. గదిలోని గాలి వేడెక్కుటవలన కలుగు మార్పును తీసివేయుటకై ఈ ఏర్పాటు. చిన్న విషయముగ తోచునుగాని, నీడలో నుంచిన ఆ ఉష్ణమాపకములే ఈ ప్రయోగమునకు ప్రాణము. ఊదాలో 2 డిగ్రీలు, ఆకుపచ్చలో 3¼ డిగ్రీలు, ఎఱుపులో ఇంచుమించు 7 డిగ్రీలు, ఫారన్‌హీటు లెక్కను, వేడి హెచ్చెను.

ఊదానుండి ఎఱుపునకు పోవుకొలది వేడి పెరుగుచున్నది. ఎఱుపు అంచున వన్నె ఆగినది. వేడియు అచ్చటనే ఆగునా? ఈ ప్రశ్న వేసికొనుటలోనే ఆయన గొప్పతనమున్నది. ఉష్ణమాపకమును ఎఱుపు అంచు దాటించి, వెలుగు లేని బల్లపై నుంచెను. కంటికి అక్కడ ఏమియు లేదు. పాదరసము మాత్రము పైకి లేచెను. ఎఱుపు దాటి అరంగుళము దూరమున వేడి అన్ని వన్నెలకంటె ఎక్కువగా కనబడెను. అంగుళమున్నర దూరమునను పూర్తిగా అడగలేదు. సూర్యునినుండి కంటికి కానరాని కిరణములును వచ్చుచున్నవనియు, అవియు పట్టకములో వంగుచున్నవనియు ఇట్లు ఋజువయ్యెను. వానినే నేడు పరారుణ కిరణములందుము. హెర్షెల్ వానికి ఆ పేరు పెట్టలేదు. అది చాలకాలము తరువాత వచ్చినది.

అంతటితో నిలువక ఆ కిరణములు అద్దముపై పడి తిరిగివచ్చునా, కటకముచే ఒకచోటికి కూడునా అని పరీక్షించెను. ఎండనే కాక కొవ్వొత్తిని, పొయ్యిమంటను, ఎఱ్ఱగాకాల్చిన ఇనుమును తెచ్చి పరీక్షించెను. ఆ ఒక్క యేట చేసిన ప్రయోగములు రెండువందలు దాటెను. అందు మిక్కిలి శ్రమపడినది ఏ పదార్థము వేడికిరణములను ఎంత ఆపునను విచారణ. తెల్లగాజు, రంగుగాజు మొదలయిన వానిని ఒక్కొక్కదానిని అడ్డుపెట్టి చూచెను. ద్రవములనుగూడ విడువలేదు: బావినీరు, సముద్రజలము, సారాయము, బ్రాందీ. వేయి కిరణములు ప్రవేశించినచో ఇన్ని ఆగినవి, ఇన్ని దాటినవి యని జమాఖర్చుల చిట్టావలె పట్టికలు వ్రాసెను. వెలుగునకు ఒక పట్టిక, వేడికి ఒక పట్టిక. లెక్క వ్రాయుటయందు ఆయనకు గల నిష్ఠ లెక్కలే వృత్తిగా గలవారికి సైతము ఆదర్శప్రాయము.

కాని ఆ చిట్టాయే ఆయనను త్రోవ తప్పించెను. మొదట ఆయనకు వెలుగును వేడికిరణమును ఒక్కజాతివే యని తోచెను. కన్ను కొన్నింటిని పట్టగలదు, కొన్నింటిని పట్టజాలదు, భేదమంతియే. అది సరియైన ఊహ. పిమ్మట పట్టికలను ప్రక్కప్రక్కన బెట్టి చూచుకొనగా రెండును కుదురలేదు. స్వచ్ఛమైన గాజు వెలుగును దాదాపు అంతటిని పోనిచ్చి వేడిలో చాలభాగమును ఆపుచున్నది. కొన్ని గాజులు వెలుగును మ్రింగి వేడిని వదలుచున్నవి. రెండును ఒక్కటే యైనచో ఒకే గాజు ఇట్లు పక్షపాతము చూపనేల? ఇట్లు తర్కించి, వెలుగు వేఱు వేడికిరణము వేఱు అని ఆ యేటి నవంబరులో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున తీర్మానించెను. తన మొదటి ఊహను తానే త్రోసిపుచ్చెను.

తర్కమున లోపము లేదు; లోపము ఆధారవాక్యములో నున్నది. పదార్థము తనగుండ పోవు వెలుగునంతటిని సమముగా చూడవలెనని ఆయన అనుకొనెను. అది యట్లు చూడదు. ప్రతి పదార్థమును తనకు తగిన కిరణములను మ్రింగి, తగనివానిని పోనిచ్చును. ఏది మ్రింగెను, ఎంత మ్రింగెను అనునదే ఆ పదార్థమును పట్టియిచ్చు గుర్తు. ఏ పక్షపాతము హెర్షెలునకు చిక్కుగా కనబడెనో, ఆ పక్షపాతమును చదువుటయే నేటి వర్ణపటవిద్య. బావినీటిని వేడికిరణముల మార్గమున నిలిపి ఎంత ఆగినదో కొలిచిన దినముననే ఆయన పండులోని నీటిని కొలుచు పనిని, తానెఱుగకయే, ఆరంభించెనని చెప్పవచ్చును.

ఆనాటి పండితులలో కొందఱు ఆయన ప్రయోగమునే నమ్మలేదు. ఎడింబరో పండితుడగు జాన్ లెస్లీ, అదృశ్యకిరణములు లేవనియు, గాలి వేడెక్కుటయే ఆ వేడికి కారణమనియు గట్టిగా వాదించెను. ఇతరులు ప్రయోగమును మరల చేసిచూచి హెర్షెలునకు సాక్ష్యమిచ్చిరి. 1801లో జర్మనీలో రిట్టరు అను యువకుడు వర్ణపటపు రెండవ కొనను వెదకి, ఊదాకు ఆవలగూడ కానరాని కిరణములున్నవని వెండిలవణము నల్లబడుటచే నిరూపించెను. ఒక కొనను తెఱచినవానిని చూచి మఱియొకడు రెండవ కొనను తెఱచెను.

అదే 1801లో హెర్షెల్ మఱియొక సాహసము చేసెను. సూర్యునిపై మచ్చలు తగ్గిన సంవత్సరములలో ఎండబలము తగ్గునా, తగ్గినచో పంటలు తగ్గునా అని ఆలోచించి, వెనుకటి సంవత్సరముల పంటలను తెలిసికొనుటకు వేఱుదారి లేక, గోధుమధరల పట్టికను ఆధారముగా గొనెను. మచ్చలు తక్కువగానున్న ఐదు కాలములలో ధర హెచ్చెనని చెప్పెను. విన్నవారు నవ్విరి. ధరకు యుద్ధము, పన్ను, రవాణా మొదలయిన కారణములు వేయి యుండును గనుక ఆ నవ్వు పూర్తిగా అన్యాయము కాదు. ఐనను ఆకాశమునకును పొలమునకును నడుమ లెక్కతో వంతెన కట్టజూచిన ఆ బుద్ధి సామాన్యమైనది కాదు. సూర్యునిపై జీవులు నివసించుచున్నారని నమ్మినవాడును ఈయనయే. మహనీయుల తప్పులనుగూడ చెప్పని చరిత్ర స్తోత్రపాఠమగును.

తరువాతి జీవితము ప్రశాంతముగ గడచెను. 1788లో మేరీ పిట్ అను వితంతువును వివాహమాడెను. 1792లో జాన్ అను ఏకపుత్రుడు కలిగెను. 1816లో ఆయనకు బిరుదు లభించెను. 1820లో నెలకొన్న జ్యోతిశ్శాస్త్ర సంఘమునకు ఆయన తొలి అధ్యక్షుడయ్యెను. 1822 ఆగస్టు 25వ తేదీన స్లౌలో, ఎనుబదిమూడేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. ఆయన కనిపెట్టిన గ్రహము సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు ఎనుబదినాలుగేండ్లు పట్టును. అన్న పోయినపిదప కరోలినా హానోవరునకు మరలిపోయి, అన్న కనిపెట్టిన నీహారికల పట్టికను క్రమపఱచి, 1848లో తొంబదియేడవ యేట మరణించెను.

వెలుగును వేడికిరణమును ఒక్కటియే యని ఫ్రెంచి పండితుడు ఆంపేర్ 1835లో మరల ప్రతిపాదించెను. హెర్షెల్ కుమారుడగు జాన్ 1840లో ఒక చక్కని ప్రయోగము చేసెను. సన్నని కాగితమును ఒకవైపు పొగచూరించి, సారాయముతో తడిపి, దానిపై సూర్యవర్ణపటమును పడనిచ్చెను. వేడి తగిలినచోట త్వరగా ఆఱినది, తగులనిచోట తడిగా నిలిచినది. ఎఱుపునకు ఆవల ఆఱిన మచ్చలు వరుసగాగాక విడివిడిగా నుండుట కనబడెను. నడుమ కొన్ని కిరణములు లోపించినవన్నమాట. తండ్రి చేయిపెట్టి విడిచిన చిట్టాలో కుమారుడు ఒక పుట త్రిప్పెను. 1881లో ఇంగ్లండులో ఆబ్నీ, ఫెస్టింగ్ అను నిరువురు ఎఱుపు దాటిన కిరణములను ఛాయాచిత్రఫలకముపై పట్టి, వివిధ ద్రవములలో ఏయే చోట్ల కిరణములు లోపించునో చూపిరి. అణువులలో ఉదజని ఏ మూలకముతో ముడిపడియున్నదో దానినిబట్టి ఆ లోపములు కలుగుచున్నవని వారు గుర్తించిరి.

ఆ ముడియే పండును పరీక్షించుటకు మూలము. నీటి అణువులో ఉదజని ప్రాణవాయువుతో ముడిపడి, తీగపై కంపించు పూసవలె సదా అదరుచుండును. చక్కెరలో ఆ ముడియు కలదు, బొగ్గుమూలకముతో ఉదజనికి గల ముడియు కలదు. మాంసకృత్తులలో నత్రజనితో ముడి యుండును. ప్రతి ముడికిని తన కంపనమునకు తగిన శ్రుతి కలదు. ఆ శ్రుతితో కుదిరిన కిరణమును అది మ్రింగును, కుదురనిదానిని విడుచును. నీరు పరారుణములో 970, 1450, 1940 నానోమీటర్ల దాపున గట్టిగా మ్రింగును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. వీణియపై శ్రుతికలిసిన తీగ తనంత కంపించుటను ఎఱిగిన సంగీతజ్ఞుడు హెర్షెల్. ఈ రహస్యమును విని యుండినచో ఎంత మురిసిపోయెడివాడో!

ఈ విద్యను వ్యవసాయమునకు తెచ్చినవాడు అమెరికా వ్యవసాయశాఖకు చెందిన కార్ల్ నారిస్. మేరీలాండు రాష్ట్రమున బెల్ట్స్‌విల్ పరిశోధనస్థానమున పనిచేయుచు, 1960 తరువాతి సంవత్సరములలో ధాన్యములోని తేమను పరారుణ కాంతిచే కొలుచు పద్ధతిని సాధించెను. 1985లో అమెరికాలోనే ఉల్లిగడ్డను కోయకయే నీరుపోగా మిగులు సారమును కొలిచిరి. జపానులో 1989 నాటికి పీచుపండ్లను పట్టీపై దొర్లించుచు, ఒక్కొక్కదానిపై వెలుగు వేసి తీపినిబట్టి వేఱుచేయు యంత్రములు వచ్చినవి. మామిడియొక్క విశేషము వేఱు. కోతకు వచ్చిన కాయలో చక్కెరకంటె పిండిపదార్థమే మెండు. మాగినపిదప ఆ పిండి చక్కెరగా మాఱును. కనుక చెట్టుననున్న కాయలో తీపిని కొలిచిన లాభము లేదు, నీరుపోగా మిగులు సారమునే కొలువవలెను. ఆ సారమెంతయో తెలిసినచో మాగిన పండు ఎంత తీయనగునో ముందే చెప్పవచ్చును. ఆస్ట్రేలియా తోటలలో చేతిలో పట్టు చిన్నయంత్రములతో ఈ పని చేసి కోతదినమును నిర్ణయించుకొనుచున్నారు.

ఐతే యంత్రము తనంతట తానేమియు ఎఱుగదు. మొదట వందలకొలది కాయలపై వెలుగు వేసి, ఏ కిరణము ఎంత తగ్గినదో వ్రాసికొని, అదే కాయలను కోసి, ఎండబెట్టి, తూచి, రసము పిండి పరీక్షించి, ఆ రెండు లెక్కలకును సంబంధము కట్టవలెను. కోసిన కాయలే కోయని కాయలకు సాక్షులు. ఒక తోటలో కట్టిన లెక్క మఱియొక తోటలో, ఒక యేటి లెక్క మఱుసటి యేట, సరిపడకపోవచ్చును. మరల కొన్ని కాయలు కోసి సరిచూచుకొనవలెను. ఈ వెలుగు తొక్కదాటి లోనికి పోవునది స్వల్పము. కొన్ని మిల్లీమీటర్లు మొదలు ఒకటిరెండు సెంటీమీటర్లు. పుచ్చకాయవంటి మందపుతొక్క గలదాని గర్భమును చదువుట కష్టము.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మామిడిగుజ్జులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరు; చక్కెర పదిపాళ్లకు మీఱి యుండును. ఇట్టి పెద్దమొత్తములను ఈ వెలుగు నమ్మకముగ చెప్పును. సి విటమిను నూరు గ్రాముల గుజ్జులో కొన్ని పదుల మిల్లీగ్రాములు మాత్రమే. అంత సన్నని స్వరము నీటిహోరులో వినబడుట దుర్లభము. ఇనుము, సున్నము మొదలయిన ఖనిజములకు ఈ కిరణములలో సొంత గుర్తే లేదు. యంత్రము వానినిగూడ చెప్పుచున్నదన్నచో అది తఱచుగా వేఱొక పదార్థమును చూచి ఊహించి చెప్పుటయే. లెక్క సరిపోయినంతమాత్రమున పెట్టెలో రొక్కమున్నట్లు కాదు. టమాటా ఎఱుపునకు, క్యారెట్టు పసుపునకు మూలమైన కెరోటిను జాతి పదార్థములు మాత్రము కంటికి కనబడు వెలుగులోనే గట్టి గుర్తు వదలును గనుక, వానికి న్యూటను చూపిన ఏడు వన్నెలే చాలును.

వేడి మాఱినచో నీటి గుర్తు కొంచెము జరుగును. ఎండలో కాగిన కాయకును చలువగదినుండి తెచ్చిన కాయకును యంత్రము ఒక్కలెక్క చెప్పకపోవచ్చును. అందుచే జాగ్రత్తగలవారు లెక్క కట్టునప్పుడు చల్లని కాయలను, వేడి కాయలను రెంటిని చేర్చుకొందురు. కాయపై వెలుగు వేయుటకు ముందు దాని వేడిని ఉష్ణమాపకముతో చూచి, ప్రక్క గడిలో వ్రాసికొందురు.